పిచ్చికలు వాలని పేడదిబ్బ

పత్తి ఆదోనిది, దారం ఎమ్మిగనూరుది. ఈ రెండూళ్ల నడుమ ఒక పత్తేదారు పుట్టకపోతే వింతగానీ పుడితే వింతేముంది? ఆయన పేరు ఉచ్చీరప్ప. దొంగలకు ఆయన ఉచ్చు. సహాయకుడు పెద్దయ్యకు ఉచ్ఛ్వాసం, నిశ్వాసం. ఈ పెద్దయ్య పేరులో తప్ప మరెక్కడా పెద్దవాడు కాదు. ఎత్తు ఐదడుగులు, వయసు ఇరవై ఎనిమిది, గురుభక్తి మాత్రం ఆదోని కొండంత.

యాభై మూడో సంవత్సరం వేసవి. కరువు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి ఇంకా మాట్లాడుతున్న కాలం. ఒక బుధవారం ఉదయం, జిన్నింగు మిల్లు కూత కూసిన కాసేపటికి, ఆదోనిలో ఉచ్చీరప్ప మేడగది మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

"తొందరలో ఉన్న మనిషి గురువుగారూ," అన్నాడు పెద్దయ్య.

"తొందరా ఉంది, బెదురూ ఉంది. నడుమ రెండుసార్లు ఆగినాడు."

లోపలికి వచ్చినవాడికి నలభై అయిదేళ్లుంటాయి. భుజాన జరీ అంచు ఉత్తరీయం, నడుముకు నలిగిన పంచె. పైన పెళ్లి, కింద చావు అన్నట్టుంది వేషం.

"కూర్చోండప్పా," అన్నాడు ఉచ్చీరప్ప. "ఎమ్మిగనూరులో మొదటి బస్సు ఎక్కినారు. సొంత మగ్గాలున్నాయి. గొడ్డుకు బాగలేక తెల్లవార్లూ కొట్టంలోనే కూర్చున్నారు."

వచ్చినాయన నోరు తెరిచాడు. పెద్దయ్య కూడా తెరిచాడు గానీ అది అలవాటు కొద్దీ.

"గోళ్లలో గంజి ఎండి ఉంది. చూపుడు వేలి మీద పోగు కోసిన గీత ఉంది. పంచె అంచుకు పేడ ఉంది."

"మొదటి బస్సు సంగతి?" అన్నాడు పెద్దయ్య.

"ఈ పొద్దుకు రెండోది ఇంకా రాలేదు గదప్పా."

ఆయన పేరు సిద్దప్ప. ఎనిమిది మగ్గాలు, రెండు ఆవులు, ఒక భార్య. ఆయన చెప్పుకొన్న వరసే అది. ఆదివారంనాడు నల్లావు చచ్చిపోయింది. నిన్నటినుంచి ఎర్రావు కూడా లేవడం లేదు. ఆవుకు పాలు పోయాయి, ఆసామికి పాలుపోవడం లేదు.

"సచ్చింది గాదు, సంపినారు," అన్నాడు సిద్దప్ప. "మా కొట్టంలో పేడెత్తే సారమ్మని ఒకామె ఉండాది. దాని మొగుడు యేసేపు సచ్చిన గొడ్ల తోలు వలుస్తాడు. గొడ్డు సస్తే ఎవురికి లాభం? మీరే సెప్పండి."

"తోలు కోసం ఇసం పెట్టిందంటారు."

"అంటాండా. నాలుగు నెలలుగా సూస్తాండా, తెల్లారకముందే వచ్చి పేడదిబ్బ కాడ కూసుంటాది. పోయేటప్పుడు కొంగు కింద ముల్లె ఒకటి దాసుకొని పోతాది. ముల్లెలో ఏముండె మే అని ఆదివారం అందరి ముందరా అడిగితే నోరు తెరవలేదు. తల ఊపనుగూడా లేదు."

"పోలీసులకు చెప్పలేదా?"

"మా వీధి పెద్ద రంగన్న అడ్డం పడినాడు. సాక్ష్యం లేనిదే ఆడమనిషి మీద నేరం ఎయ్యనన్నాడు. రేపు సాయంత్రం దాకా గడువు ఇచ్చినాడు. రుజువైతే సారమ్మ, యేసేపు, ముగ్గురు పిల్లోల్లు ఊరిడిసి పోవాల. ఆ పైన పోలీసులు. మీరొచ్చి ఆ రుజువు సూపించండి, సాలు."

"రుజువు చూపిస్తా," అన్నాడు ఉచ్చీరప్ప, తలకు రుమాలు చుట్టుకుంటూ. "అది ఎవరి మీద ఉంటుందో ఇప్పుడే మాట ఇయ్యలేను."

*

ఎమ్మిగనూరులో, సిద్దప్ప కొట్టంలో ఎర్రావు ఎడమ డొక్క బిగదీసుకొని పడుకొని ఉంది. చెవులు చల్లగా ఉన్నాయి. నెమరు లేదు.

"నెమరు ఆవు మానేసింది గనుక ఆ పని మనం చేద్దాం," అంటూ ఉచ్చీరప్ప కొట్టమంతా కలయజూశాడు.

ముందు పేడ చూశాడు. బూడిదరంగులో, పలచగా, నురుగు కట్టి ఉంది. పులిసిపోయిన గంజి వాసన వస్తోంది. పెద్దయ్య ముక్కు మూసుకొని, "పేడ కాదు గురువుగారూ, పీడ," అన్నాడు. తరువాత ఉచ్చీరప్ప కుడితితొట్టి చూశాడు. అంచున తెల్లటి పొర ఎండి అతుక్కొని ఉంది. గోటితో గీకి కాగితంలో పొట్లం కట్టాడు. మూలన గింజలు పగలగొట్టే విసుర్రాయి ఉంది. దాని పిడికీ గోడకీ నడుమ సాలీడు తన మగ్గం పెట్టుకొంది. కొట్టానికి ఉత్తరం వైపు ఒక కిటికీ ఉంది. దానికి కొత్త గోనెపట్ట అడ్డం కట్టి ఉంది. పట్ట ఎత్తి చూస్తే ఎదురుగా పేడదిబ్బ.

దిబ్బ మీద ఒక్క పిచ్చిక లేదు. మగ్గాల సావడి చూరుకు మాత్రం ఇరవై కూర్చొని గోల చేస్తున్నాయి.

అప్పుడే సిద్దప్ప భార్య కస్తూరమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది. నెమ్మదస్తురాలు. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల ముఖం కాక వాళ్ల కాళ్లు చూస్తోంది.

"అమ్మా, ఆవులకు దాణా ఎవరు పెడతారు?"

"నేనే పెడతాండా. పది దినాల్నుంచి."

"అంతకుముందు?"

"సారమ్మ. ఆవుకు దినానికి రెండు సేర్లు జొన్నలు కొలిచి ఇస్తాంటి. రాయి మీద రవ్వగా ఇసిరి పెట్టేది."

"మీ చేతికి ఎందుకు మార్చినారు?"

"పాలు తగ్గినాయని ఈయప్ప గునుస్తాండె. సొంత సేత్తో పెడితే మేలని."

"ఈ కిటికీకి గోనెపట్ట?"

ఆమె చెంబు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకొంది. "ఎండ పడతాదని."

ఉత్తరపు కిటికీలో ఎండ ఎట్లా పడుతుందో ఉచ్చీరప్ప అడగలేదు. "దాణా ఒక్క గింజ పెట్టొద్దండి. కుడితి పెట్టొద్దు, మజ్జిగ తాపొద్దు. ఎండు జొన్నసొప్ప ముందర వేసి, వంటసోడా నీళ్లలో కలిపి గొట్టంతో తాపండి. లేచి నిలబడితే మెల్లగా నడిపించండి," అన్నాడు. సిద్దప్ప వైపు తిరిగి, "సారమ్మ కొంగు కింద ముల్లె కడపట ఎప్పుడు చూసినారు?" అని అడిగాడు.

సిద్దప్ప వేళ్లు మడిచాడు. "ఈ నడమ లేదప్పా. వారం… పది దినాలుగా అగుపడలేదు."

"పిచ్చికలో?"

"పిచ్చికలేంది?"

"దిబ్బ మీద పిచ్చికలు."

"వేలకొద్దీ పడతాండె. ఇప్పుడు…" సిద్దప్ప దిబ్బ వైపు చూసి, మాట అక్కడే వదిలేశాడు.

తొట్టి పొట్లం, ఒక డబ్బాలో పేడ పెద్దయ్య చేతికిచ్చి, మధ్యాహ్నం బస్సుకు ఆదోని పశువుల డాక్టరు దగ్గరికి పొమ్మన్నాడు ఉచ్చీరప్ప.

"గురువుగారూ, ఇసం పెట్టిన తొట్టికి ఇంత పరీక్ష ఎందుకు? గన్నేరు వేరు నూరి పోసుంటుంది."

"అయితే ముందు ఊరి కుక్కలను పలకరించి పోదాం రా."

*

ఊరి చివర, తోళ్లు ఆరేసిన చోట యేసేపు దొరికాడు. పొడుగాటి మనిషి. వచ్చినవాళ్లను చూసి కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకొని నిలబడ్డాడు. ఆదివారాలు ప్రార్థనగుడిలో వాక్యం చదివేది అతనే. గొంతు గట్టిదే గానీ ఆ రోజు బయటికి రావడం లేదు.

"నల్లావును కోసింది నువ్వేనా యేసేపూ?"

"నేనే సామీ. సిద్దప్ప శెట్టి ఎత్తుకపొమ్మంటే ఈడ్సకొచ్చినా."

"కడుపులో ఏముంది?"

"సంగటి మాదిరి ముద్ద. నిండా ఉండె. పుల్లటి వాసన, కండ్లు మండినాయి. పొట్ట లోపలి తోలు సెయ్యి పెడితే ఊడొచ్చింది. ఇరవై ఏండ్లుగా కోస్తాండా, అట్లాటిది సూడలేదు."

"మాంసం?"

"పారేసినా. కుక్కలు తినినాయి."

"ఎన్ని చచ్చినాయి?"

యేసేపు చేయెత్తి చూపించాడు. తుమ్మచెట్టు కింద ఆరు కుక్కలు బోర్లా పడుకొని ఉన్నాయి. పెద్దయ్య వాటి గతికి విచారించేలోగా ఒకటి లేచి, ఒళ్లు విరుచుకొని, అతని చెప్పు వాసన చూసింది.

"గన్నేరు జీర్ణించుకొనే కుక్కలు," అన్నాడు ఉచ్చీరప్ప.

పెద్దయ్య డబ్బా చేతపట్టుకొని బస్సు దారి పట్టాడు.

బస్సులు ఆగే చోటికి కొంచెం ఇవతల గోవిందు పిండి మిషను ఉంది. ఆయిలు ఇంజను పుకపుకలాడుతుంటే, తల మొదలు కాలిదాకా తెల్లబడిన గోవిందు గట్టిగా అరిచి మాట్లాడతాడు. ఇంజను ఆపినా అట్లాగే మాట్లాడతాడు.

"కస్తూరమ్మక్కనా? వచ్చినాది. పది దినాల కింద. సగం జొన్నలు, సగం రేషను గోదుమలు. ఆ గోదుమలు మన వాళ్లు తినరు గదప్పా, వేడంటారు, రొట్టె తట్టను రాదంటారు. ఇంటింటా మూటలు మూటలు పడుండాయి. గొడ్లకన్నా పెడదామనుకొన్నాదేమో."

"రవ్వ పట్టమన్నారా?"

"నేను అదే అడిగితి. గొడ్డుకైతే రవ్వ సాలక్కా అంటి. కాదు, మెత్తగా పట్టు, ఒక్క గింజ మిగలకూడదు అనె. రెండు మాట్లు అనె. సంకురాత్రి అరిసెలకు గూడా అంత మెత్తగా ఎవురూ పట్టియ్యరు."

ఉచ్చీరప్ప ఆ మాటను రెండుసార్లు తనలో తాను అనుకొన్నాడు. పిండి కొద్దీ రొట్టె అంటారు. ఇక్కడ పిండి పెట్టింది రొట్టెకు కాదు. పాలు పిండుకోవడానికేనా అంటే, "ఒక్క గింజ మిగలకూడదు" అన్న మాట పాలకోసం అనే మాటలా లేదు.

*

గురువారం ఉదయం పెద్దయ్య తిరిగి వచ్చాడు. డాక్టరు చెప్పినదంతా కాగితం మీద రాయించుకొని వచ్చాడు. ఆ ఉత్సాహంలో వంక నీళ్ల వెంట దారిన నడుస్తూ, కంచె తుమ్మకొమ్మల్లో దాచిన ఒక జల్లెడను కూడా పట్టుకొన్నాడు.

"ఇసం జల్లించిన జల్లెడ గురువుగారూ. కేసు తేలిపోయింది. జల్లెడ తేలితే నేరస్తులు మునిగినట్టే."

జల్లెడ కన్నంలో ఒక గింజ ఇరుక్కొని ఉంది. జొన్నగింజ. పగలలేదు. ఉబ్బి, మెరుపు పోయి, పాలిపోయి ఉంది. ఉచ్చీరప్ప దాన్ని వాసన చూశాడు. ఆయన ముఖంలో ఏదో దీపం తగ్గించినట్టయింది.

"పెద్దయ్యా, నువ్వు ఆ రాయి దగ్గర నిలబడు. నోరు తెరవొద్దు."

వంకలో సన్నగా నీళ్లు ఉన్నాయి. సారమ్మ బండ మీద గుడ్డలు ఉతుకుతోంది. ముప్పై అయిదేళ్ల మనిషి, యాభై అయిదేళ్ల చేతులు. ఉచ్చీరప్ప దూరంగా గట్టు మీదే కూర్చున్నాడు.

"అమ్మా, ఆ ముల్లెలో ఏముందో చెబితే నీ మీద నేరం పోతుంది."

"సెప్పను సామీ."

"సాయంత్రం ఊరు విడవమంటారు."

"ఇడుస్తాం."

ఆయన అరచేయి చాచాడు. అందులో ఆ గింజ. సారమ్మ లేచి వచ్చి, ఒంటి మీద బట్టలేని బిడ్డను కప్పినట్టు, ఆ గింజ మీద తన చెయ్యి పెట్టి కప్పేసింది.

చెయ్యి తియ్యకుండానే మాట్లాడింది.

"కరువు ముందు శెట్టి మాకు దినానికి సేరు జొన్నలు ఇస్తాండె. కరువని అరసేరు జేసె. ఇంట్లో ఐదు నోర్లు. ఆవుకు మాత్రం రెండు సేర్లు, అది తగ్గలే. ఒక దినం నాకు జరమొచ్చి రాయి తిప్పలేక గింజలు అట్లనే పోసినా. తెల్లారి పేడెత్తితే సగం గింజలు యెట్ల పోసినవి అట్లనే వచ్చినాయి. సిన్న గింజ గద, పంటి కింద పడదు, తోలు గట్టిది. పిచ్చికలొచ్చి ఏరుకొని తింటాండె. పిచ్చిక తినేదాన్ని మనిషి తింటే ఏమాయె అనుకొంటి."

"అప్పట్నుంచి రాయి తిప్పడం మానేసినావు."

"మానేసినా. ఏడు నీళ్లు కడిగినా సామీ. వంకలో తేల్చినా, బండ మీద ఎండబెట్టినా, వేయించినా. పిల్లోల్లకు తెలీదు. మా ఆయప్పకు తెలీదు. ఆయప్ప తినేముందు కండ్లు మూసుకొని స్తోత్రం సెప్తాడు. ఆ రొట్టె మీద సెప్తాడు." ఆమె వంక వైపు తిరిగింది. "తరవాత పది దినాలుగా ఒక్క గింజ రాలే. నురుగొస్తాండె. ఆవులకేమాయెనో నాకు తెలీదు."

"ఈ మాట చెబితే నువ్వు బయట పడతావు తల్లీ."

"వద్దు సామీ. ఇసం పెట్టినానని సెప్పుకోండి. అది పాపం. పాపానికి దేవుడుండాడు. సిగ్గుకు ఎవురుండారు?"

రాయి దగ్గర పెద్దయ్య నాలుక చివర అప్పటిదాకా ఒక చమత్కారం ఉంది. అతను దాన్ని మింగేశాడు. జల్లెడ ఇంకా తన చేతిలోనే ఉందని గుర్తొచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక, దొరికిన చోటే తుమ్మకొమ్మల్లో మళ్లీ దాచి వచ్చాడు.

*

సాయంత్రం మగ్గాల సావడిలో ఎనిమిది మగ్గాలూ ఆగి ఉన్నాయి. పడుగులు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. రంగన్న గడప దగ్గర పీట వేసుకొన్నాడు. వీధి పెద్దలు నలుగురు, గోవిందు, సిద్దప్ప లోపల. కస్తూరమ్మ స్తంభం పక్కన. యేసేపు, సారమ్మ మెట్ల కింద నిలబడ్డారు. పెరట్లో ఎర్రావు లేచి నిలబడి సొప్ప కొరుకుతోంది.

"ముందు ఇసం సంగతి," అన్నాడు ఉచ్చీరప్ప. "నల్లావు మాంసం తిన్న కుక్కలు ఆరూ బాగున్నాయి. ఒకటి మా పెద్దయ్యను వాసన చూసి కూడా బతికింది. ఇసం లేదు."

నవ్వారు. రంగన్న మాత్రం నవ్వలేదు. "మరి సచ్చింది ఎట్లప్పా?"

"తిని. సిద్దప్పా, మీరు నేతగాళ్లు. ఈ పొర మీ ఆవు తొట్టిది. తడిపి, రెండు వేళ్ల నడుమ సాగదీసి ఇదేం గంజో చెప్పండి."

సిద్దప్ప వేలు తడుపుకొని పొరను నలిపాడు. బంకలా సాగింది. ముప్పై ఏళ్లుగా పడుగుకు గంజి పెట్టిన వేలు అబద్ధం చెప్పదు.

"జొన్న గాదు. జొన్నగంజి ఇట్ల సాగదు, పుటుక్కున తెగుతాది. ఇది గోదుమ." ఆయన తల తిప్పి భార్యను చూశాడు. "మన తొట్లో గోదుమ యాడిది?"

గోవిందు మిషను సంగతి చెప్పాడు. ఈసారి మెల్లగా చెప్పాడు.

"పొయ్యిలో మొద్దు పెడితే అంటుకోదు, అట్లే బయటికి తీయవచ్చు," అన్నాడు ఉచ్చీరప్ప. "పుల్లలు పెడితే నిలకడగా మండుతుంది, వంట అవుతుంది. రంపపు పొట్టు గంపెడు పోస్తే భగ్గుమని ఇల్లు అంటుకుంటుంది. ఆవు కడుపు కూడా పొయ్యే. అరగని గింజ మొద్దు, రవ్వ పుల్ల, మెత్తటి పిండి పొట్టు. అందులోనూ గోధుమ జొన్నకంటే వడిగా కరిగే జాతి. పిండి ఒక్కసారిగా పులుస్తుంది, ఆ పులుపు కడుపు తోలునే తింటుంది. ఆదోని డాక్టరు రాసిచ్చిన కాగితం ఇది. యేసేపు చేతికి ఊడొచ్చిన తోలు కూడా అదే చెప్పింది. పిండి మొదలుపెట్టినాక పాలు పెరిగినాయా సిద్దప్పా?"

"పెరిగినాయి," అన్నాడు సిద్దప్ప. గొంతు తగ్గింది. "నాలుగు దినాలు బాగా పెరిగె. అదేం దాణానో నేను అడగలే. పెరుగుతాండాయి గద, రెండు సేర్లు గాదు నాలుగు సేర్లు పెట్టు అంటి. శనివారం అంటి."

"ఆదివారం చచ్చింది."

సిద్దప్ప ఉత్తరీయం తీసి ఒళ్లో పెట్టుకొన్నాడు. "ఆవుకు గడ్డి ఎయ్యమంటే నేను గడ్డి తినినా," అన్నాడు.

రంగన్న గొంతు సవరించుకొన్నాడు. "సరే. సారమ్మ ఇసం పెట్టలేదు. కానీ పత్తేదారప్పా, లెక్క ఇంకా ఒకటి మిగిలుండాది. ఆ ముల్లె. నాలుగు నెలలు కొంగు కింద ఏం మోసింది? అది తేలకుంటే రేపు ఇంకొకరు ఇంకొక మాట అంటారు."

"ఇసం పెట్టేవాళ్లు ముల్లె ఇంట్లోకి తెస్తారు, బయటికి మోయరు," అన్నాడు ఉచ్చీరప్ప. "అదీగాక ఆవులకు జబ్బు రాకముందే ముల్లె ఆగిపోయింది."

"అది సరే. ముల్లెలో ఏముండె?"

ఉచ్చీరప్ప పదకొండేళ్ల వృత్తిలో ఏ సావడిలోనూ మాట కోసం వెతుక్కోలేదు. ఇప్పుడు వెతుక్కొన్నాడు. మెట్ల కింద సారమ్మ తల అంతకంతకూ వంగుతోంది. పక్కన యేసేపు నేల చూస్తున్నాడు. పెద్దయ్య గురువు ముఖం చూడలేక చూరు వైపు చూశాడు.

"కొట్టం కిటికీకి గోనెపట్ట ఎందుకు కట్టినారో నేను అడగలేదు," అన్నాడు ఉచ్చీరప్ప చివరికి, ఎవరినీ చూడకుండా. "ఇప్పుడూ అడగను. ఆ కిటికీలోంచి ఎవరు ఏం చూసినారో వాళ్లకే తెలుసు. ముల్లె సంగతీ వాళ్లే చెప్పాల, లేకుంటే నా కేసు ఇంతటితో ఆగిపోయింది."

స్తంభం పక్కన గాజులు కదిలాయి.

"జొన్నలు," అంది కస్తూరమ్మ.

అందరూ తిరిగారు.

"నేనిచ్చిన జొన్నలు. ఈయప్ప అరసేరు జేసినాడు, ఐదు నోర్లకు ఎట్ల సాలుతాదని, ఈయప్పకు తెలీకుండా నేనే ఇస్తాంటి. ఎవురికీ సెప్పొద్దని నేనే ఒట్టు ఏయించినా. అందుకే సెప్పలే." ఆమె మొదటిసారి తలెత్తింది. కన్నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు. "తరవాత నాకే పాడు బుద్ధి పుట్టె. పుట్టి, ఇయ్యడం మానేసినా. ఒక్క గింజ గూడా మన ఇల్లు దాటి పోకూడదని మిషనులో మెత్తగా పట్టిస్తి. ఆవును సంపింది నేను. దీన్ని అందరూ దొంగ అంటాంటే నోరు మూసుకొని నిలబడింది నేను."

అందులో ఎంత అబద్ధమో ఎంత నిజమో సావడి లోపల ముగ్గురికి, మెట్ల కింద సారమ్మకు తెలుసు. అబద్ధం నిజాన్ని పడుగులో పేకలా పట్టుకొని ఉంది. ఏ పోగు లాగినా గుడ్డంతా పోయేట్టుంది. ఎవరూ లాగలేదు.

సారమ్మ మెట్టు మీద కూలబడి మొహం కొంగులో దాచుకొంది.

"రేపటినుంచి సేరు," అన్నాడు సిద్దప్ప.

"సేరున్నర," అన్నాడు రంగన్న లేస్తూ. "నాలుగు నెలల బాకీ కలిపి."

*

ఆఖరు బస్సుకు ఇంకా పొద్దుంది. కస్తూరమ్మ దారికని కట్టించిన జొన్నరొట్టెల మూట పెద్దయ్య చంకలో ఉంది. బస్సు దగ్గరికి యేసేపు గబగబా నడిచి వచ్చాడు. వచ్చి, కొంచెం దూరంలో ఆగాడు.

"సామీ. ఆయమ్మ అబద్ధం సెప్పినాది."

ఉచ్చీరప్ప పెద్దయ్య వైపు చూశాడు. పెద్దయ్య తల అడ్డంగా ఊపాడు; నేను చెప్పలేదు అన్నట్టు.

"ఏం మాట్లాడుతున్నావు యేసేపూ?"

"తోళ్లు వలిసేవాన్ని సామీ. ఆ వాసన నాకు తెలీదా? ఏడు నీళ్లు గాదు, ఏడు వంకల్లో కడిగినా తెలుస్తాది. మొదటి రొట్టెకే తెలిసె." అతను తలకు చుట్టిన గుడ్డ తీసి చేతిలో నలుపుకొన్నాడు. "నాకు తెలిసిందని దాని మొగంలో సూడలేక కండ్లు మూసుకొంటి. స్తోత్రం కొంచెం పొడుగు సేసినా. తరవాత, బాగుండాది మే, ఇంకొకటి ఎయ్యి అని అడిగి తినినా. నాలుగు నెలలు అట్లనే అడిగినా."

బస్సు డ్రైవరు హారను కొట్టాడు.

"దానికి తెలీకూడదు సామీ. నాకు తెలుసని దానికి తెలీకూడదు. మీరు మళ్లా ఈ పక్క వస్తే నోరు జారుతారేమో అని సెప్పి పోదామని వచ్చినా."

అతను దండం పెట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. పొడుగాటి మనిషి, వంగకుండా నడుస్తున్నాడు.

ఆవు చెవి, కిటికీ పట్ట, పిచ్చిక రెక్క అన్నీ చూసిన కళ్లు ఆ ఒక్కటి చూడలేదు. ఉచ్చీరప్ప బస్సెక్కి కూర్చున్నాడు. సగం దారిలో ఉచ్చీరప్ప మూట విప్పి, ఒక రొట్టె తుంచి సగం పెద్దయ్యకు ఇచ్చి, కళ్లు మూసుకొన్నాడు. చాలాసేపు తెరవలేదు.

తరువాత ఇద్దరూ ఒళ్లో తువ్వాలు పరుచుకొని జాగ్రత్తగా తిన్నారు. ఆదోని చేరేదాకా ఆ ఇద్దరి నోటినుంచీ ఒక్క పలుకు రాలలేదు.